టెస్ట్ ఎందుకు ఫెయిలైందో యంత్రమే తేల్చేలా చేయడం

రాత్రి పైప్‌లైన్‌లో (కోడ్‌ను దానంతట అదే బిల్డ్ చేసి పరీక్షించే వ్యవస్థ) 4,000 సాఫ్ట్‌వేర్ టెస్టులు నడిచి 212 ఫెయిలయ్యాయనుకుందాం. పొద్దున్నే చూసే మనిషి మొదటి ఫెయిల్యూర్ తెరుస్తాడు, లాగ్ అడుగుకి వెళ్తాడు, అక్కడ "టైమౌట్" అని కనబడగానే రీరన్ నొక్కుతాడు. రెండోసారి పాసైతే ఆ సంగతి అక్కడితో సరి. ఆ 212లో 190 ఒకే డేటాబేస్ కనెక్షన్ తెగడం వల్ల వచ్చినవి కావచ్చు. మిగతా 22లో ఒకటి నిన్న సాయంత్రం మెయిన్ కోడ్‌లో కలిసిన (మెర్జ్ అయిన) అసలైన బగ్ కావచ్చు. గుంపులో పడి ఆ ఒక్కటీ కనబడకుండా పోతుంది.

ఈ జల్లెడ పట్టే పని చాలావరకు యంత్రానికి అప్పగించవచ్చు. దానికి పెద్ద మెషీన్ లెర్నింగ్ మోడల్ అక్కర్లేదు. ఆధారాలు పోగొట్టుకోని పైప్‌లైన్, ఓపికగా చేసే కొన్ని చిన్న ప్రయోగాలు చాలు. కింద చెప్పేదంతా లినక్స్ కంటెయినర్లలో (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టెలు) నడిచే పైథాన్ ప్రాజెక్టు, పైటెస్ట్ (టెస్టులు నడిపే టూల్), గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఆధారంగా రాసింది. జావా, గో వాడేవాళ్లకి టూల్స్ పేర్లు మారతాయి గానీ పద్ధతి ఇదే.

అన్నిటికన్నా ముందు ఒక నియమం పెట్టుకోవాలి. యంత్రం దేన్నైనా "కారణం" అనాలంటే రెండు వైపులా పరీక్షించి ఉండాలి. అనుమానం ఉన్న మార్పును తీసేస్తే టెస్ట్ పాసవ్వాలి. పాత మంచి స్థితికి ఆ మార్పు ఒక్కటే చేరిస్తే ఫెయిలవ్వాలి. రెండూ జరిగితే "నిర్ధారణ" అని రాయాలి. ఒకటే జరిగినా, లాగ్ చదివి చెప్పినదైనా "అనుమానం" అనే రాయాలి. రిపోర్టులో ఈ రెండు మాటలూ కలగాపులగమైతే కొద్దివారాల్లోనే దాన్ని చదివేవాళ్లు ఉండరు.

ఫెయిలైన క్షణంలో ఏం దాచాలి

కంటెయినర్‌ను తీసేయగానే లోపలి ఆధారాలూ పోతాయి. అందుకని ఆధారాలు సేకరించే స్టెప్, టెస్ట్ స్టెప్ ఫెయిలైనా సరే నడిచేలా పెట్టాలి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఆ స్టెప్‌కి "ఆల్వేస్" అనే షరతు రాయకపోతే, ముందు స్టెప్ ఫెయిలవగానే ఇది దాటిపోతుంది. అప్పుడు పాసైన రోజుల లాగులన్నీ భద్రంగా ఉంటాయి, కావలసిన రోజువి మాత్రం ఉండవు.

దాచవలసినవి ఇవి. ఇప్పటి కమిట్ హ్యాష్ (గిట్‌లో దాచిన ఒక్కో మార్పుకీ ఉండే గుర్తు), ఇదే టెస్ట్ చివరిసారి పాసైన కమిట్ హ్యాష్. కంటెయినర్ ఇమేజ్ (కంటెయినర్‌ను లేపే మూస) డైజెస్ట్, అంటే ఆ ఇమేజ్‌కి ఉండే కచ్చితమైన గుర్తు. "లేటెస్ట్" అనే ట్యాగ్ చాలదు, అదే ట్యాగ్ నిన్న ఒక ఇమేజ్‌ని, ఇవాళ ఇంకో ఇమేజ్‌ని చూపించగలదు. ఇన్‌స్టాల్ అయిన ప్రతి ప్యాకేజీ వెర్షన్. టెస్టులు నడిచిన వరస, సమాంతరంగా నడిపితే ఏ వర్కర్‌లో (టెస్టులు పంచుకునే ప్రాసెస్‌లలో ఒకటి) ఏది నడిచిందో ఆ వివరం. మొదలు, ముగింపు సమయాలు యూటీసీలో, మెషీన్ టైమ్‌జోన్ విడిగా. ఎగ్జిట్ కోడ్, ఖాళీ డిస్క్, మెమరీ పరిమితి. ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ సంఖ్యలు పుట్టడానికి ఇచ్చే మొదటి విలువ) తప్పకుండా ఉండాలి. పైథాన్ హ్యాష్ సీడ్‌ను చాలామంది మర్చిపోతారు. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హ్యాష్ (డేటా నుంచి లెక్కగట్టే అంకె) ప్రతి రన్‌లోనూ మారుతుంది, దాంతో స్ట్రింగులున్న సెట్‌లో వరస కూడా మారుతుంది. ఆ సీడ్‌ను మనం ఇవ్వకపోతే తర్వాత తెలుసుకునే దారి లేదు. రన్ మొదట్లోనే ఒక ర్యాండమ్ సంఖ్యను ఎంచుకుని, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టి, లాగ్‌లో రాయాలి.

రీరన్ లాగ్ మొదటి లాగ్ మీద పడి దాన్ని చెరిపేయడం తరచూ జరిగే నష్టం. ఫైలు పేరులో ఎన్నో ప్రయత్నమో సంఖ్య ఉంటే ఈ బాధ ఉండదు.

ఫలితాలను జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ రూపంలో తీయాలి. పైటెస్ట్‌కి ఆ ఆప్షన్ అందులోనే ఉంది, చదివే లైబ్రరీలు అన్ని భాషల్లోనూ ఉన్నాయి. ఒక చిక్కు తెలిసి ఉండాలి. ఈ ఫార్మాట్‌లో "ఫెయిల్యూర్", "ఎర్రర్" అని రెండు ట్యాగులుంటాయి. జేయూనిట్ సంప్రదాయంలో అసర్షన్ (ఫలితం ఇలా ఉండాలని టెస్ట్‌లో రాసిన షరతు) తప్పితే ఫెయిల్యూర్, అనుకోని ఎక్సెప్షన్ (కోడ్ నడుస్తుండగా లేచే లోపం) వస్తే ఎర్రర్. పైటెస్ట్ అలా విడదీయదు. టెస్ట్ ఫంక్షన్ లోపల ఏ ఎక్సెప్షన్ వచ్చినా ఫెయిల్యూర్ అనే రాస్తుంది. ఫిక్స్చర్ (టెస్ట్‌కి కావలసినవి సిద్ధం చేసే కోడ్) సెటప్, టియర్‌డౌన్ (తర్వాత సర్దడం), కలెక్షన్ (టెస్టులను వెతికి పోగుచేయడం) దశల్లో వచ్చినవే ఎర్రర్ అవుతాయి. కాబట్టి పైటెస్ట్ రిపోర్టులో ఎర్రర్ కనబడితే చూపు ముందు ఫిక్స్చర్ వైపు, అది లేపే డేటాబేస్ వైపు పోవాలి.

ఎగ్జిట్ కోడ్ చెప్పే కబురు

లాగ్ ఒక్క అక్షరం చదవకముందే ప్రాసెస్ ఎలా చచ్చిందో ఎగ్జిట్ కోడ్ (ప్రాసెస్ ముగిసేటప్పుడు మిగిల్చే సంఖ్య) చెబుతుంది. లినక్స్ షెల్‌లో 128 దాటిన కోడ్ అంటే మామూలుగా సిగ్నల్ (ప్రాసెస్‌కి ఆపరేటింగ్ సిస్టమ్ అందించే ఆజ్ఞ) చంపిందని అర్థం: 128కి సిగ్నల్ సంఖ్య కలిపితే ఆ కోడ్ వస్తుంది. 137 అంటే సిగ్నల్ 9, ఎక్కువసార్లు మెమరీ చాలక కెర్నల్ చంపినట్టు. 139 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తాకకూడని మెమరీని తాకడం. పైథాన్‌లో ఇది వస్తే సీ ఎక్స్‌టెన్షన్ ఉన్న ప్యాకేజీని అనుమానించాలి. 143 అంటే ఎవరో మర్యాదగా ఆగమన్నారు, చాలావరకు పైప్‌లైన్ గడువు దాటినప్పుడు. లినక్స్ టైమౌట్ కమాండ్ గడువు దాటితే 124 ఇస్తుంది.

పైటెస్ట్ సొంత కోడ్‌లు వేరే ఉన్నాయి. 0 అన్నీ పాస్, 1 కొన్ని ఫెయిల్, 2 మధ్యలో ఆపారు, 3 పైటెస్ట్ లోపలి లోపం, 4 కమాండ్ తప్పు, 5 ఒక్క టెస్ట్ కూడా దొరకలేదు. ఈ 5ని ఎప్పుడూ పాస్‌గా లెక్కించకూడదు. ఫోల్డర్ పేరు మారి టెస్టులు కనబడకుండా పోయిన రోజున దాన్ని పట్టిచ్చేది ఇదొక్కటే.

సమాంతరంగా నడపడానికి ఎక్స్‌డిస్ట్ వాడుతుంటే 137 బయటికి రాదు. ఒక వర్కర్ చస్తే ఎక్స్‌డిస్ట్ దాని స్థానంలో ఇంకోదాన్ని లేపి, ఆ సమయంలో నడుస్తున్న టెస్ట్‌ను ఫెయిల్ అని రాసేస్తుంది. వర్కర్ క్రాష్ అన్న సందేశం మాత్రమే మిగులుతుంది. అసలు సంగతి తేలాలంటే సీగ్రూప్ (కంటెయినర్ల పరిమితులు అమలుచేసే లినక్స్ ఏర్పాటు) రెండో వెర్షన్‌లోని మెమరీ ఈవెంట్స్ ఫైలు చదవాలి. ఊమ్ కిల్ (మెమరీ చాలక చంపినవి) అనే లెక్క అందులో ఉంటుంది. రన్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చదివి తేడా చూస్తే చాలు. సంఖ్య పెరిగితే ఆ టెస్ట్‌ను తప్పుపట్టే ముందు మెమరీ సంగతి తేల్చాలి. మెమరీ ఎందుకు చాలలేదన్నదానికి ఒక సాధారణ కారణం ఇది: వర్కర్ల సంఖ్యను "ఆటో" అని వదిలేస్తే అది మెషీన్ కోర్లు లెక్కపెడుతుంది, కంటెయినర్‌కి కోటాగా ఇచ్చిన పరిమితిని చూడదు. 2 సీపీయూల కోటా ఉన్న కంటెయినర్‌లో 32 వర్కర్లు లేస్తే టైమౌట్లూ, మెమరీ చావులూ కలిసి వస్తాయి. సంఖ్యను చేత్తో రాయండి.

సిగ్నేచర్: 212ని అయిదుకి దించడం

ప్రతి ఫెయిల్యూర్‌కి ఒక వేలిముద్ర తయారుచేయాలి. ఎక్సెప్షన్ రకం, శుభ్రం చేసిన సందేశం, స్టాక్ ట్రేస్‌లో (లోపం దాకా ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) మన సొంత కోడ్‌కి చెందిన చివరి 3 ఫ్రేములు తీసుకోవాలి. ఫ్రేమ్ అంటే ఇక్కడ ఫైలు పేరు, ఫంక్షన్ పేరు మాత్రమే. లైన్ నంబర్ కలపకండి. పైన ఎవరో ఒక కామెంట్ చేర్చినా వేలిముద్ర మారిపోతుంది. ఈ మూడిటినీ కలిపి హ్యాష్ చేస్తే సిగ్నేచర్.

సందేశం శుభ్రం చేసేటప్పుడు వరస ముఖ్యం. ముందు తేదీలు, సమయాలు, తర్వాత యూయూఐడీలు (అంకెలు, అక్షరాలు కలిసిన పొడవైన గుర్తులు), తర్వాత మెమరీ అడ్రసులు, తర్వాత తాత్కాలిక ఫోల్డర్ల దారులు, పోర్ట్ నంబర్లు, అన్నిటికన్నా చివర మిగిలిన అంకెలు. అంకెల్ని ముందే తీసేస్తే యూయూఐడీ ముక్కలై గుర్తుపట్టరాకుండా పోతుంది, ఒకే ఫెయిల్యూర్‌కి పది సిగ్నేచర్లు పుడతాయి. అన్ని అంకెలూ తీసేయడం కూడా ప్రమాదమే. హెచ్‌టీటీపీ 404, 503 ఒకటైపోకూడదు. స్టేటస్ కోడ్‌లు, ఎర్రర్ నంబర్లు ఉన్న చోట్లను ముందే గుర్తించి అలాగే ఉంచాలి.

పైథాన్‌లో ఒక ఎక్సెప్షన్‌ను పట్టుకుని ఇంకోదాన్ని లేపితే రెండూ లాగ్‌లో వస్తాయి. మొదట అచ్చయ్యేది మూలం, చివర అచ్చయ్యేది పైపొర. చివరిదాన్నే తీసుకుంటే "సర్వీస్ ఎర్రర్" అనే ఒకే డబ్బాలోకి అన్నీ పడతాయి. అలాగని మొదటిదే ఎప్పుడూ నిజమైన మూలం కాదు. క్యాష్‌లో కీ దొరక్క వచ్చిన కీ ఎర్రర్ మామూలు సంగతే, దాన్ని పట్టుకున్నాక జరిగిందే అసలు తప్పు కావచ్చు. సిగ్నేచర్‌లో రెండు రకాల పేర్లూ ఉంచడం మేలు.

సిగ్నేచర్లను ఒక ఎస్‌క్యూలైట్ టేబుల్‌లో పెట్టండి: సిగ్నేచర్, టెస్ట్ పేరు, కమిట్, సమయం, మెషీన్. ఒకే రన్‌లో ఒకే సిగ్నేచర్‌తో వచ్చిన 190 ఫెయిల్యూర్లు ఒకే సంఘటన. ఆ గుంపులో సమయం ప్రకారం మొదట ఫెయిలైన టెస్ట్ లాగ్ ఒక్కటి చదివితే చాలు. ఈ సిగ్నేచర్ ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అన్న ప్రశ్నకి కూడా ఇదే టేబుల్ జవాబిస్తుంది.

లాగ్ పెద్దదైతే దాన్ని మూసలుగా మార్చడానికి 2017లో వచ్చిన డ్రెయిన్ అల్గారిథమ్ పనికొస్తుంది. లాగ్ లైన్లలో మారే భాగాన్ని పక్కనపెట్టి, మారని భాగాన్ని మూసగా తీస్తుంది. పైథాన్‌లో డ్రెయిన్3 అనే లైబ్రరీ ఉంది. ఫెయిలైన రన్‌లోని మూసల్లోంచి, అదే టెస్ట్ చివరిసారి పాసైన రన్‌లోని మూసలను తీసేయండి. వేల లైన్ల లాగ్‌లో మిగిలేది తరచూ ఒక తెర నిండేంతే. "ఎర్రర్" అనే పదం కోసం వెతకడం కన్నా ఇది ఎంతో నయం. పాసైన రన్‌లలో కూడా ఆ పదం విచ్చలవిడిగా ఉంటుంది.

మళ్లీ నడపడం ఒక ప్రయోగం

ఫ్లేకీ (కోడ్ మారకపోయినా ఒకసారి పాసై, ఇంకోసారి ఫెయిలయ్యేది) అన్న మాటను కారణంగా రాయకూడదు. జ్వరం రోగం కాదు, రోగానికి లక్షణం. ఫ్లేకీ కూడా అంతే. అయితే దాని విస్తృతి తక్కువదేం కాదు. గూగుల్ 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతోకొంత ఫ్లేకీనెస్ ఉంది, పాస్ నుంచి ఫెయిల్‌కి మారిన సందర్భాల్లో 84 శాతం ఫ్లేకీ టెస్టులవే. కారణాల మీద 2014లో అపాచీ ప్రాజెక్టుల్లోని 201 కమిట్లను పరిశీలించిన పరిశోధనలో, వర్గీకరించగలిగిన వాటిలో 45 శాతం అసింక్ వెయిట్ (వెనక నడిచే పని ముగిసేదాకా సరిగా ఆగకపోవడం), 20 శాతం కన్‌కరెన్సీ (ఒకేసారి నడిచే పనులు ఒకదానికొకటి అడ్డుపడటం), 12 శాతం టెస్టుల వరస మీద ఆధారపడటం అని తేలింది. మన యంత్రం వెతకాల్సిన వరస కూడా దాదాపు ఇదే.

ప్రతి కొత్త సిగ్నేచర్‌కీ మూడు ప్రయోగాలు నడపాలి. ఒకటి: ఆ టెస్ట్ ఒక్కదాన్నే, అదే ఇమేజ్‌లో, 30 సార్లు. రెండు: అదే వరసలో, అవే సీడ్‌లతో, ఆ వర్కర్‌లో దానికి ముందు నడిచిన టెస్టులన్నిటితో కలిపి. మూడు: చివరిసారి పాసైన కమిట్‌ను తెచ్చి, ఇవాళ్టి ఎన్విరాన్‌మెంట్‌లో.

మూడోదాన్ని చాలామంది చేయరు, కానీ అన్నిటికన్నా విలువైనది అదే. పాత కమిట్ కూడా ఇవాళ ఫెయిలైతే కోడ్ మీద అనుమానం దాదాపు పోయినట్టే. మారింది ప్యాకేజీయో, ఇమేజో, బయటి సర్వీసో, క్యాలెండరో. పాత కమిట్ పాసై, కొత్తది ప్రతిసారీ ఫెయిలైతే గిట్ బైసెక్ట్‌కి (చరిత్రను సగం సగం చేస్తూ చెడ్డ కమిట్‌ను వెతికే కమాండ్) వెళ్లాలి. ఒంటరిగా పాసై, వరసలో ఫెయిలైతే వేరే టెస్ట్ ఏదో మట్టి అంటించింది. ఒంటరిగానే అప్పుడప్పుడు ఫెయిలైతే రేస్ (ఏ పని ముందు ముగిసిందన్నదాన్ని బట్టి ఫలితం మారడం), వెయిట్, ర్యాండమ్, గడియారం అని చూడాలి.

30 సార్లు ఎందుకంటే, 10 శాతం సార్లు ఫెయిలయ్యే టెస్ట్ కనీసం ఒక్కసారైనా ఫెయిలవడం 95 శాతం నమ్మకంతో చూడాలంటే 29 రన్‌లు కావాలి. 5 శాతమైతే 59, 1 శాతమైతే 299. రెండు మూడు రీరన్‌లతో "ఇప్పుడు బాగానే ఉంది" అనేయడం ఎంత తొందరపాటో ఈ సంఖ్యలే చెబుతాయి. బాగుచేశాక కూడా ఇదే లెక్క: 300 సార్లు వరుసగా పాసైతే ఫెయిలయ్యే రేటు 1 శాతం లోపేనని 95 శాతం నమ్మకంతో అనవచ్చు.

రేస్ అనుమానం ఉంటే సీపీయూ కోటాను సగానికి, పావుకి తగ్గించి అదే టెస్ట్ నడపండి. ఫెయిలయ్యే రేటు అమాంతం పెరిగితే సమయం మీద ఆధారపడిన కోడ్ ఉన్నట్టే. స్థిరంగా ఇన్ని సెకన్లు నిద్రపోయే లైన్ టెస్ట్‌లో ఉందేమో యంత్రమే వెతికి రిపోర్టులో చూపించాలి.

గడియారం సంగతి మన దగ్గర ప్రత్యేకం. భారత కాలమానం యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కోడ్‌లో ఒకచోట స్థానిక తేదీ, ఇంకోచోట యూటీసీ తేదీ తీసుకుంటే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న లాప్‌టాప్ మీద అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 దాకా ఆ రెండు తేదీలూ కలవవు. యూటీసీలో నడిచే సర్వర్ మీద ఈ ఫెయిల్యూర్ ఎప్పుడూ రాదు. సిగ్నేచర్ల టేబుల్‌లో ఫెయిల్యూర్లను గంటలవారీగా, వారంలో రోజులవారీగా, నెలలో తేదీలవారీగా లెక్కగట్టండి. ఒకే కిటికీలో గుమిగూడితే లిబ్‌ఫేక్‌టైమ్ అనే టూల్‌తో గడియారాన్ని ఆ కిటికీలోకి జరిపి, టైమ్‌జోన్‌ను కోల్‌కతా అని పెట్టి నడపాలి. ఫెయిలై, అదే గడియారంతో టైమ్‌జోన్ యూటీసీ అనగానే పాసైతే నిర్ధారణ అయినట్టే.

ముందు నడిచిన టెస్ట్ దోషమైతే

ఫెయిలైనదానికి ముందు 800 టెస్టులు నడిచాయనుకుందాం. మొదటి 400 తర్వాత మన టెస్ట్‌ను పెట్టి నడపండి. ఫెయిలైతే దోషి ఆ సగంలో ఉంది, లేకపోతే మిగతా సగంతో నడపండి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే దాదాపు 10 మెట్లలో దోషి టెస్ట్ ఒక్కటే మిగులుతుంది. ఏ సగంతోనూ ఫెయిలవకపోతే రెండు టెస్టులు కలిసి పాడుచేస్తున్నాయన్నమాట. అప్పుడు సగాలు చాలవు, నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు చేసి ఒక్కో ముక్కను తీసేసి చూడాలి. ఆండ్రియాస్ జెల్లర్ 1999 నుంచి రూపుదిద్దిన డెల్టా డీబగ్గింగ్ పద్ధతి ఇదే.

దోషి దొరికాక ఏం పాడైందో చెప్పడానికి, ఆ టెస్ట్‌కి ముందూ తర్వాతా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ప్రస్తుత ఫోల్డర్, మాడ్యూల్ స్థాయి వేరియబుల్స్, డేటాబేస్ టేబుళ్లలో వరసల సంఖ్య తీసుకుని తేడా చూపించాలి. దీనికి తిరగబడ్డ రకం కూడా ఉంది: ఒంటరిగా ఫెయిలై, అందరితో కలిసి పాసయ్యే టెస్ట్. దానికి కావలసిన సెటప్‌ను వేరే టెస్ట్ చేసిపెడుతోంది. అదే సగాల వెతుకులాటను పాస్, ఫెయిల్ తారుమారు చేసి నడిపితే ఆ సాయం చేసే టెస్ట్ దొరుకుతుంది.

ఏ కమిట్ అన్నది తేల్చడం

గిట్ బైసెక్ట్ రన్‌కి ఒక స్క్రిప్ట్ ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది. 1,000 కమిట్ల మధ్య దోషిని వెతకడానికి దాదాపు 10 మెట్లు. చెడిపోయేది స్క్రిప్ట్ దగ్గరే, అందుకే దీన్ని కాస్త వివరంగా చూద్దాం.

స్క్రిప్ట్ 0 ఇస్తే ఆ కమిట్ మంచిది. 1 నుంచి 127 దాకా ఏది ఇచ్చినా చెడ్డది, ఒక్క 125 తప్ప. 125 అంటే "దీన్ని తేల్చలేను, దాటెయ్". 127 దాటితే బైసెక్ట్ మొత్తం ఆగిపోతుంది. ఈ అంకెల నుంచే మూడు తప్పులు పుడతాయి. బిల్డ్ విరిగిన కమిట్ 1 ఇస్తుంది, దాంతో అమాయకమైన కమిట్ చెడ్డదైపోతుంది. బిల్డ్ పోతే 125 ఇవ్వాలి. కమాండ్ పేరు తప్పు రాస్తే షెల్ 127 ఇస్తుంది, పాత గిట్ వెర్షన్లలో అది కూడా చెడ్డ లెక్కలోకే పోతుంది. మనం వెతికేది సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే 139 వచ్చి బైసెక్ట్ ఆగిపోతుంది; దాన్ని 1గా మార్చాలి. మెమరీ చాలక వచ్చిన 137ను మాత్రం 125గా మార్చాలి, ఆ కమిట్ గురించి మనకేమీ తెలియలేదు కనక.

అన్నిటికన్నా ముఖ్యం: ఫెయిలైంది కదా అని చెడ్డదనకండి. స్క్రిప్ట్ లోపల సిగ్నేచర్ లెక్కగట్టి, మనం వెతికే సిగ్నేచర్ అయితేనే 1 ఇవ్వాలి. వేరే సిగ్నేచర్‌తో ఫెయిలైతే 125. ఈ ఒక్క షరతు లేకపోతే బైసెక్ట్ దారిలో తగిలిన వేరే బగ్ వెంట పోయి, సంబంధం లేని మనిషి కమిట్‌ను చూపిస్తుంది.

స్క్రిప్ట్‌నూ, టెస్ట్ ఫైలునూ రిపాజిటరీ బయట ఉంచండి. లోపలే ఉంటే, పాత కమిట్‌కి వెళ్లినప్పుడు అవి పాత రూపానికి మారిపోతాయి, అసలు ఉండకపోవచ్చు కూడా. ప్రతి మెట్టులోనూ ఆ కమిట్ లాక్ ఫైలు (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్ల జాబితా) ప్రకారం ప్యాకేజీలు మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. పైప్‌లైన్లు వేగం కోసం ఒకే కమిట్ లోతుకి క్లోన్ చేస్తాయి. గిట్‌హబ్ యాక్షన్స్ చెకౌట్ డిఫాల్ట్ లోతు 1. ఆ క్లోన్‌లో బైసెక్ట్‌కి చరిత్రే ఉండదు. లోతు 0 అని ఇస్తే మొత్తం చరిత్ర వస్తుంది. మెర్జ్ కమిట్లు ఎక్కువున్న చోట ఫస్ట్ పేరెంట్ ఆప్షన్ వాడితే మెయిన్ బ్రాంచ్ మీది మెర్జ్‌లనే చూస్తుంది. బైసెక్ట్‌లో ఈ ఆప్షన్ గిట్ 2.29 నుంచి ఉంది. పక్క బ్రాంచ్‌లో సగం రాసి వదిలిన కమిట్ల గొడవ తప్పుతుంది.

టెస్ట్ అప్పుడప్పుడే ఫెయిలయ్యే రకమైతే ప్రతి కమిట్ దగ్గరా చాలాసార్లు నడపాలి. ఫెయిల్ రేటు 20 శాతమైతే, చెడ్డ కమిట్‌ను మంచిదని పొరబడే అవకాశం 1 శాతం లోపు ఉండాలంటే 21 రన్‌లు. 10 మెట్లలో ఆ పొరపాటు అవకాశం కూడుకుంటూ 10 శాతం దాకా పోగలదు. అంత ప్రమాదం వద్దనుకుంటే ఇంకా పెంచాలి. ఒక్కసారి సరైన సిగ్నేచర్‌తో ఫెయిలైతే చాలు, అక్కడే ఆపి 1 ఇవ్వవచ్చు. చివర దొరికిన కమిట్‌ను ఇవాళ్టి కోడ్ మీద రివర్ట్ చేసి (ఆ మార్పును వెనక్కి తీసి) పాసవుతుందో, దాని ముందు కమిట్ నిజంగా పాసవుతుందో చూడకుండా ఎవరి పేరూ రిపోర్టులోకి పోకూడదు.

పాత కమిట్ కూడా ఫెయిలైతే ఇదే పద్ధతిని ప్యాకేజీల మీద నడపాలి. నిన్నటి, ఇవాళ్టి వెర్షన్ల జాబితాలు పోల్చి, మారినవాటిలో సగాన్ని పాతవిగా పెట్టి నడపండి. కొన్ని సగాలు ఇన్‌స్టాలే కావు, ఒక ప్యాకేజీ ఇంకోదాని కొత్త వెర్షన్ అడుగుతుంది. అలాంటిది పాసూ కాదు, ఫెయిలూ కాదు. మూడో ఫలితంగా లెక్కించి వేరే ముక్కతో ప్రయత్నించాలి.

ఏ లైన్ అన్నది ఊహించడం

కమిట్ పెద్దదైతే లైన్ల దాకా వెళ్లాలి. కవరేజ్‌ను (ఏయే లైన్లు నడిచాయో చెప్పే లెక్క) టెస్టులవారీగా తీయండి. పైటెస్ట్ కవరేజ్ ప్లగిన్‌లో కాంటెక్స్ట్‌ను "టెస్ట్" అని పెడితే ఏ లైన్‌ను ఏ టెస్ట్ తాకిందో రాస్తుంది. తర్వాత ప్రతి లైన్‌కీ ఓచియాయ్ సూత్రంతో అనుమానం లెక్కగట్టాలి: ఆ లైన్‌ను తాకి ఫెయిలైన టెస్టుల సంఖ్యను, మొత్తం ఫెయిలైన టెస్టులూ ఆ లైన్‌ను తాకిన మొత్తం టెస్టులూ గుణించగా వచ్చినదాని వర్గమూలంతో భాగించాలి. ఈ సూత్రం 1957లో జపాన్ జంతుశాస్త్రంలో, ఏ చేపలు ఎక్కడ ఉంటాయో పోల్చే పనిలో పుట్టింది. బగ్గులకీ బాగా పనికొచ్చింది.

ఉదాహరణకి 4 టెస్టులు ఫెయిలయ్యాయి. ఒక లైన్‌ను ఆ 4తో పాటు పాసైన 1 తాకింది: 4ని 20 వర్గమూలంతో భాగిస్తే 0.89. సెటప్‌లోని లైన్‌ను ఆ 4, పాసైన 96 తాకాయి: 4ని 400 వర్గమూలంతో, అంటే 20తో భాగిస్తే 0.2. ఫెయిలైనవాటిలో 2 మాత్రమే తాకిన లైన్‌కి 0.71. పైనున్న 10 లైన్లను, దోషి కమిట్ మార్చిన లైన్లతో కలిపి చూపిస్తే చదివేవాళ్లకి చోటు దొరుకుతుంది. ఒకే టెస్ట్ ఫెయిలైతే ఈ లెక్కకి బలం ఉండదు. రాయడం మర్చిపోయిన కోడ్ వల్ల వచ్చిన బగ్‌ను ఇది నేరుగా చూపలేదు, లేని లైన్‌ను ఏ టెస్టూ తాకదు కనక. ఈ అంకె ఎప్పుడూ అనుమానమే.

భాషా మోడల్‌ను ఎక్కడ వాడాలి

పై మెట్లన్నీ అయ్యాక. మొత్తం లాగ్ ఇచ్చి కారణం అడిగితే నమ్మించేలా రాస్తుంది, చాలాసార్లు చివర కనబడిన ఎర్రర్‌నే అందంగా తిరగరాస్తుంది. సిగ్నేచర్, కొత్త మూసలు, మూడు ప్రయోగాల ఫలితాలు, దోషి కమిట్ మార్పులు, టెస్ట్ సోర్స్, ఇవి మాత్రమే ఇవ్వండి. ప్రతి వాక్యానికీ లాగ్ లైన్ సంఖ్య ఆధారంగా చూపమనండి; ఆ లైన్ నిజంగా ఉందో లేదో స్క్రిప్ట్‌తో సరిచూసి, లేకపోతే ఆ వాక్యాన్ని పారేయండి. "ఈ ఆధారాలతో తేల్చలేను" అనే జవాబును అనుమతించాలి. తర్వాత ఏ ప్రయోగం చేయాలో అడగడం ఇంకా మంచిది, ఎందుకంటే దాన్ని నడిపి చూడవచ్చు. పంపే ముందు టోకెన్లు, పాస్‌వర్డులు, వినియోగదారుల ఫోన్ నంబర్లు తుడిచేయాలి. టెస్ట్ లాగుల్లో ఇవి ఊహించనంత తరచుగా ఉంటాయి.

తీర్పు సరైనదేనా అని కొలవడం

మొదలుపెట్టే ముందు, మనుషులు ఇప్పటికే కారణం తేల్చిన పాత ఫెయిల్యూర్లు 100 నుంచి 200 పోగుచేసి వాటి మీద నడపండి. మొత్తం మీద ఇంత శాతం సరైనవి అనే ఒక్క అంకె మోసం చేస్తుంది. ఫెయిల్యూర్లలో 80 శాతం ఎన్విరాన్‌మెంట్‌వే అయితే, ప్రతిదానికీ "ఎన్విరాన్‌మెంట్" అనే యంత్రానికి కూడా 80 మార్కులు వస్తాయి. ప్రతి రకానికీ విడిగా లెక్కపెట్టాలి. అసలైన బగ్‌ను ఎన్విరాన్‌మెంట్ అని కొట్టేయడం, ఎన్విరాన్‌మెంట్ సమస్యను బగ్ అనడం సమానమైన తప్పులు కావు. రెండోదానికి ఒక మనిషి అరగంట పోతుంది, మొదటిదాని వల్ల బగ్ వినియోగదారుల దాకా వెళ్తుంది.

తర్వాత మూడు నాలుగు వారాలు యంత్రం తీర్పు రాయాలి గానీ బిల్డ్ మీద ఏ ప్రభావమూ చూపకూడదు. ఆ తర్వాత కూడా దానంతట అది రీరన్ నొక్కే హక్కు, ఎగ్జిట్ కోడ్, మెమరీ లెక్క, డిస్క్ ఖాళీ లాంటి గట్టి ఆధారం ఉన్న ఎన్విరాన్‌మెంట్ తీర్పులకే ఇవ్వండి. ఆ తీర్పుల్లో పదింటికి ఒకటి చొప్పున తీసి మనిషి లాగ్ మొత్తం చదవాలి. తప్పని తేలిన ప్రతిదాన్నీ పాత ఫెయిల్యూర్ల పోగులో చేర్చి, సిగ్నేచర్ నియమాలు మార్చిన ప్రతిసారీ ఆ పోగు మొత్తం మీద మళ్లీ నడపాలి.